చదరంగపు బల్లకు ఎల్లలు లేవా?

చదరంగాన్ని గూర్చి లోకంలో చిరకాలంగా చెల్లుతున్న మాట ఒకటి ఉన్నది. బల్లపై ఉన్నవి అరవై నాలుగు గడులు. ఆ గడులకు దేశం లేదు, భాష లేదు, మతం లేదు. ఒకరి మాట ఒకరికి తెలియని ఇద్దరు మనుషులు రైలుపెట్టెలో గాని, ఓడ మీద గాని, పరాయి ఊరి సత్రంలో గాని ఎదురెదురుగా కూర్చుంటే చాలు, పావులు పరిచిన క్షణం నుంచి వారిద్దరూ ఒకే ఊరివారు. 1924లో పారిస్ నగరంలో వెలసిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య కూడ ఈ భావాన్నే తన ధ్యేయవాక్యంగా పెట్టుకున్నది. 'మనమంతా ఒకే జాతి' అని ఆ లాటిన్ మాటలకు అర్థం.

మాట అందమైనదే, అసత్యమని కొట్టివేయడానికి వీలులేదు. కాని అది కురుక్షేత్రంలో ధర్మరాజు పలికిన పలుకువంటిది. సగం బిగ్గరగా వినబడుతుంది. తక్కిన సగం శంఖధ్వానంలో కలిసిపోతుంది. ఎల్లలు లేనిది ఆటకు మాత్రమే. ఆటగానికి ఎల్లలున్నవి. అతడు ఎవరి ఖర్చుతో ఓడ ఎక్కాడు, ఏ జెండా కింద కూర్చున్నాడు, ఇంటికి ఎప్పుడు మరలవలెనో ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్నలు బల్ల చుట్టూ కనబడని గోడలై నిలుస్తవి. ఆ గోడలను చూడకుండ గడులను మాత్రమే లెక్కపెట్టే చరిత్ర చరిత్ర కాదు, కట్టుకథ. పరదేశంలో చదరంగం ఆడి మహాక్రీడాకారుల సరసన నిలిచిన మీర్ సుల్తాన్ ఖాన్ విషయంలో లోకం చదివినదీ, నేటికీ చదువుతున్నదీ అట్టి కట్టుకథనే.

ముందు జరిగినదేమో చెప్పుకోవాలి. పంజాబులో, ఈనాడు పాకిస్తాన్‌లో చేరిన భాగంలో, మిఠా టివానా అనే ఊరు ఉన్నది. సుల్తాన్ ఖాన్ అక్కడివాడు. బాల్యంలోనే తండ్రి వద్ద దేశవాళీ చదరంగం నేర్చాడు. ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి సర్ ఉమర్ హయాత్ ఖాన్ టివానా అతని ప్రతిభను గుర్తించి చేరదీశాడు; పాశ్చాత్య నియమాలతో ఆడడం నేర్పించాడు. 1928లో అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ ప్రథముడైనాడు. 1929 ఏప్రిల్‌లో ఉమర్ హయాత్ ఖాన్ పరివారంతో లండన్ చేరాడు. నాలుగు నెలలు నిండకముందే రామ్స్‌గేట్ పట్టణంలో జరిగిన పోటీలో బ్రిటిష్ చాంపియన్ అయినాడు. మళ్ళీ 1932లోను, 1933లోను అదే బిరుదు గెలిచాడు.

అంతటితో ఆగలేదు. 1930 డిసెంబరులో మొదలై నూతన సంవత్సరంలో ముగిసిన హేస్టింగ్స్ పోటీలో, పూర్వ ప్రపంచ విజేత కాపబ్లాంకాను ఓడించాడు. 1931లో టార్టకోవర్‌తో పన్నెండు ఆటల పందెం ఆడి గెలిచాడు. అదే సంవత్సరం ప్రేగ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండ్ జట్టుకు మొదటి బల్లపై కూర్చుండి, ఆడిన 17 ఆటలలో 8 గెలిచి, 7 సమానం చేసి, రెండింట మాత్రమే ఓడాడు. ఓడినవారిలో ఫ్లోర్ ఉన్నాడు, రూబిన్‌స్టైన్ ఉన్నాడు. సమానంతో తృప్తిపడినవారిలో ఆనాటి ప్రపంచ విజేత అలేఖిన్ ఉన్నాడు. 1930లో హాంబర్గ్‌లోను, 1933లో ఫోక్‌స్టన్‌లోను ఇంగ్లండ్ మొదటి బల్ల అతనిదే.

పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగి కాలాన్ని గమనించాలి. 1930 నవంబరు నుంచి 1931 జనవరి వరకు లండన్‌లో మొదటి రౌండు టేబుల్ సమావేశం జరిగింది. భారతీయులకు తమ్ము తాము పాలించుకొనే యోగ్యత ఎంతవరకు ఉన్నదో ఇంగ్లండు పెద్దలు అక్కడ చర్చిస్తున్నారు. ఆ రోజులలోనే, సముద్రతీరాన హేస్టింగ్స్‌లో, ఒక భారతీయుడు ప్రపంచంలోని మేటి మేధావులతో సమానంగా ఆలోచించగలనని బల్లపై నిరూపిస్తున్నాడు. అంతే కాదు, ఇంగ్లండు తరపున ఆలోచించే పనిని ఇంగ్లండే అతనికి అప్పగించింది. భారతదేశానికి అప్పుడు ఒలింపియాడ్‌లో సొంత జట్టు లేదు; అది 1956లో మాస్కోలో గాని రాలేదు. సామ్రాజ్యపు పౌరుడు గనుక అతడు ఇంగ్లండుకు ఆడవచ్చు. గెలిస్తే గెలుపు ఇంగ్లండుది. మరి ఆ మనిషి ఎవరివాడు?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసి రాకుండ ఉండడానికి ఒక కథ పుట్టింది. ఆ కథకు స్తంభాలు మూడు. సుల్తాన్ ఖాన్ చదువురానివాడు. ప్రారంభపు ఎత్తులు ఎరుగని అమాయకుడు. యజమాని ఇంట వడ్డించే సేవకుడు. ఈ మూడు స్తంభాలమీద 'ప్రకృతి ప్రసాదించిన అద్భుతం' అనే పందిరి వేశారు. దానికింద నిలబడి చప్పట్లు కొట్టడం ఆతిథేయులకు సుఖంగా ఉన్నది. స్తంభాలు ఎంత గట్టివో ఒక్కొక్కటే తట్టి చూడవలసి ఉన్నది.

అమాయకత్వమనే స్తంభాన్ని ముందు చూడవచ్చు. అతడు బాల్యంలో నేర్చిన దేశవాళీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడ ఒక్క గడి మాత్రమే నడుస్తుంది. కోట కట్టడమనే పద్ధతి లేదు. దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రం వలె దూకవచ్చు. చివరి వరుసకు చేరిన బంటు కోరినప్పుడల్లా మంత్రి కాదు. ఏ పావు వరుసలో చేరిందో ఆ పావుగా మారడమే నియమం. ఇట్టి ఆటలో సేనలు తొందరగా తలపడవు. వ్యూహం నిదానంగా కట్టుకోవాలి. ఆట చివరను ముందే ఊహించుకోవాలి. ఇది అజ్ఞానం కాదు, మరొక విద్య. ఒక సంప్రదాయంలో పండితుడైనవాడు మరొక సంప్రదాయపు గడప తొక్కినప్పుడు తడబడితే అతన్ని పామరుడనడం న్యాయమా? సంస్కృతంలో తర్కం చదివినవాడు ఇంగ్లీషు న్యాయస్థానంలో తడుముకుంటే తర్కమే రాదని తేల్చినట్లుంటుంది.

తడబాటు కూడ ఎంతకాలం? లండన్ చేరిన మొదటి వారాలలో ఆడిన చిన్న పోటీలో అతడు రాణించలేదు. తరువాత వింటర్, యేట్స్ అనే ఇంగ్లీషు ఆటగాళ్ళు అతనికి తోడుగా కూర్చుండి సాధన చేయించారు. కొద్ది వారాలలోనే అతడు వారి దేశపు చాంపియన్ అయినాడు. అంత వేగంగా నేర్చుకొన్నవాని గూర్చి చెప్పవలసిన మాట 'ఎరుగనివాడు' అని కాదు, 'నేర్చినవాడు' అని. కాని కథకులకు నేర్చినవాడు అక్కరలేదు. నేర్చినవాడు తన శ్రమకు తాను యజమాని అవుతాడు. ప్రకృతి ప్రసాదమైనవాడు ఎవరి చేతిలోనైనా ఇమిడే వింతవస్తువు అవుతాడు.

ఈ విషయంలో సాక్ష్యం కావలెనంటే కాపబ్లాంకాతో అతడు ఆడిన ఆటనే తెరచి చూడవచ్చు. అయిదవ ఎత్తులో సుల్తాన్ ఖాన్ మంత్రిపక్షపు ఏనుగు ముందున్న బంటును ఒక్క గడి జరిపాడు. చూపుకు చాల చిన్న ఎత్తు. దానిలో దాడి లేదు, ఆర్భాటం లేదు. ప్రత్యర్థి శకటు వచ్చి కూర్చోదగిన గడికి ముందే కాపలా పెట్టడం దాని ప్రయోజనం. కొన్ని దశాబ్దాల తరువాత ఇదే ఆలోచనకు ప్రపంచ విజేత పెట్రోసియన్ పేరు అంటుకున్నది. 1980లలో కాస్పరోవ్ దానితో ఎన్నో ఆటలు గెలిచాడు. పెట్రోసియన్ ఆడితే అది లోతైన వ్యూహం, కాస్పరోవ్ ఆడితే అది ఆధునిక శాస్త్రం. సుల్తాన్ ఖాన్ ఆడినప్పుడు మాత్రం అతనికి ప్రారంభపు ఎత్తులు తెలియవన్న మాట చెక్కు చెదరలేదు. ఆ ఆట అరవై ఎత్తులు దాటి సాగింది. ప్రపంచంలో ఓడించడానికి అందరికంటె కష్టమైనవాడని పేరుపొందిన మనిషిని, తొందరపడకుండ, ఒక్కొక్క గడి చొప్పున వెనక్కు నెట్టి అతడు గెలిచాడు. అది అదృష్టం కాదు, అమాయకత్వం అసలే కాదు.

రెండవ స్తంభం నిరక్షరాస్యత. ఇంగ్లీషులో మాట్లాడనివాడు ఏ భాషలోను చదవలేడని నమ్మడం పరిపాలకులకు పాత అలవాటు. సుల్తాన్ ఖాన్ మతగురువుల వంశానికి చెందినవాడని, ఉర్దూ చక్కగా చదివి వ్రాసేవాడని, ఇంగ్లీషు పత్రికలు చూసుకొనేపాటి పరిజ్ఞానం కూడ ఉండేదని అతని కుటుంబం చెబుతున్నది. ఆ కుటుంబాన్ని అడగాలన్న ఆలోచన దశాబ్దాల తరబడి కథకులకు రాలేదు. ఒక మనిషి చదువును గూర్చి వాని ఇంటివారి మాటకంటె, వానితో రెండు మూడు మాటలకు మించి మాట్లాడని పరాయివారి మాట ప్రమాణమెట్లా అయినదో ఎవరైనా చెప్పాలి.

మూడవ స్తంభం అన్నిటికంటె ప్రసిద్ధమైనది. 1933లో ఫోక్‌స్టన్ ఒలింపియాడ్‌లో విజయం సాధించిన అమెరికన్ జట్టును ఉమర్ హయాత్ ఖాన్ తన ఇంటికి విందుకు పిలిచాడు. ఆ విందులో సుల్తాన్ ఖాన్ స్వయంగా వడ్డించాడని, అంతటి క్రీడాకారుడు తమకు వడ్డిస్తుంటే తాము ఇబ్బంది పడ్డామని ఆ జట్టులోని రూబెన్ ఫైన్ తరువాత వ్రాశాడు. చదరంగ గ్రంథాలలో ఇంతగా మరల మరల చెప్పబడిన విందు మరొకటి లేదు. ఆ కథలో ఆతిథ్యమిచ్చినవాడు మహారాజు. కాని ఉమర్ హయాత్ ఖాన్ మహారాజు కాడు. పంజాబు భూస్వామి, సైన్యంలో పనిచేసినవాడు, లండన్‌లో భారతమంత్రి సలహాసంఘ సభ్యుడు. తాము భోజనం చేసిన ఇల్లు ఎవరిదో సరిగా తెలుసుకొననివారు ఆ ఇంటిలో ఎవరు సేవకులో, ఎవరు ఆశ్రితులో, ఎవరు ఇంటివారో మాత్రం నిశ్చయంగా తెలుసుకున్నారని నమ్మవలెనట!

పంజాబు పల్లెలో, ఆ మాటకు వస్తే భారతదేశంలో ఏ పల్లెలోనైనా, ఇంటికి అతిథులు వచ్చినప్పుడు ఇంటి పిల్లలు, తమ్ముళ్ళు, ఆశ్రితులు నిలబడి వడ్డించడం మర్యాద. కూర్చున్నవాడు ప్రభువు, నిలబడ్డవాడు దాసుడు అన్న లెక్క ఆ మర్యాదకు పట్టదు. సుల్తాన్ ఖాన్ నిలబడినది ఏ హోదాలోనో ఆ భోజనశాలలోని విదేశీయులు నిర్ణయించలేరు. 2020లో అతని జీవితంపై ఇంగ్లీషులో ఒక గ్రంథం వెలువడినప్పుడు దాని పేరులోనే 'భారతీయ సేవకుడు' అన్న మాట చేరింది. అతని మనుమరాలు దానిని బహిరంగంగా ఆక్షేపించింది. తన తాత ఎవరి ఇంట సేవకుడు కాడని, భూమి కలిగిన కుటుంబంవాడని ఆమె వాదం.

'సేవకుడు కావడం అవమానమా?' అని ఎదురు ప్రశ్న వేసేవారున్నారు. కాదు. సేవచేసి బ్రతకడం అవమానం కానేకాదు. కాని ఈ కథలో ఆ మాట గౌరవం కోసం వాడబడలేదు, ఆశ్చర్యం కోసం వాడబడింది. 'సేవకుడైనా ఆలోచించగలిగాడు' అన్న ఆశ్చర్యంలో, సేవకులు ఆలోచించలేరన్న నమ్మకం దాగి ఉన్నది. కాపబ్లాంకా తండ్రి వృత్తితో అతని ఆటను ఎవరూ కొలవలేదు. అలేఖిన్ పేరు ఎత్తినప్పుడెల్లా అతని ఇంటిలో ఎవరు ఎవరికి వడ్డించేవారో ఎవరూ అడగలేదు. వారి ఆటలు ఆటలుగా నిలిచినవి. ఇతని ఆట మాత్రం వింతకథకు అలంకారమైనది.

వింతకథ చెప్పేవారు అసలు సంగతిని మరుగుపరచారు. ఆ సంగతి ప్రయాణాన్ని గూర్చినది. సుల్తాన్ ఖాన్ లండన్‌కు వచ్చింది ఉమర్ హయాత్ ఖాన్ వచ్చినప్పుడు. 1929 చివరలో తిరిగి వెళ్ళి, 1930లో మళ్ళీ వచ్చింది ఆయన రాకపోకలను బట్టి. 1933 చివరలో శాశ్వతంగా మరలింది ఆయన మరలినప్పుడు. అతడు వరుసగా రెండవమారు బ్రిటిష్ చాంపియన్ అయినది ఆ సంవత్సరమే. బల్ల మీద ఎత్తులు అతనివి. ఓడ టిక్కెట్టు మీద ఎత్తు మరొకరిది. ఇంగ్లండులో ఉన్న కాలమంతా చలి అతన్ని పీడించింది. మలేరియా, జలుబు, గొంతునొప్పి విడిచిపెట్టేవి కావు. మెడకు గుడ్డలు చుట్టుకొని పోటీలకు కూర్చునేవాడు. ఇట్టి దేహంతో ఆడిన ఆటలవి.

ఆ పరివారంలోనే ఫాతిమా అనే యువతి ఉండేది. 1933లో హేస్టింగ్స్‌లో సుల్తాన్ ఖాన్ బ్రిటిష్ చాంపియన్ అయినప్పుడు, అక్కడనే ఆమె బ్రిటిష్ మహిళా చాంపియన్ అయినది. ఒక్క భారతీయ పరివారం నుంచి వచ్చిన ఇద్దరు ఒకే వేసవిలో ఆ దేశపు రెండు కిరీటాలను గెలిచారు. ఆమె కూడ ఆ పరివారంతోనే మరలిపోయింది. ఆ తరువాత పోటీలలో ఆమె పేరు కనబడలేదు. సుల్తాన్ ఖాన్ పేరు వింతకథగానైనా మిగిలింది. ఫాతిమాకు ఆ పాటి కథ కూడ మిగలలేదు. సుల్తాన్ ఖాన్‌కు స్వదేశం చేరగానే చెరనుంచి విడుదలైనట్లు అనిపించిందని తరువాత చెప్పినది ఆమెయే.

ఆ మాటను పట్టుకొని కొందరు ఇట్లా వాదిస్తారు: 'అతడు సంతోషంగా ఇంటికి వెళ్ళాడు గదా, ఇందులో అన్యాయమేమున్నది?' ఈ వాదాన్ని తేలికగా తోసివేయరాదు. ఇల్లు చేరడం ఎవరికైనా సంతోషమే. ప్రతిభ ఉన్నవాడు జీవితమంతా పరదేశపు చలిలో కూర్చుండి ఆడవలసినదే అనడం మరొక దౌర్జన్యం. 1935లో ఖాదిల్కర్‌తో పది ఆటల పందెం ఆడి తొమ్మిది గెలిచి, ఒక్కటి సమానం చేసిన తరువాత అతడు ఆటకు దూరమై, తన ఊరి నేలమీద గౌరవంగా బ్రతికాడు. అతని జీవితం వ్యర్థమైనదని ఏడ్చేవారు కూడ అతన్ని ఆట యంత్రంగానే చూస్తున్నారు. అన్యాయం అతడు తిరిగి వెళ్ళడంలో లేదు. వెళ్ళదలచుకున్నావా, ఉండదలచుకున్నావా అని అతన్ని అడగవలసిన అవసరం ఎవరికీ తోచకపోవడంలో ఉన్నది. మొదటి బల్ల ఖాళీ అయినప్పుడు ఇంగ్లండు మరొకరిని కూర్చోబెట్టింది. ఆట నడిచింది.

ఉమర్ హయాత్ ఖాన్ లేకపోతే సుల్తాన్ ఖాన్ పేరు లోకానికి తెలిసేదే కాదన్న వాదం మరొకటి. నిజమే, ఆ రుణాన్ని కాదనడం కృతఘ్నత. ద్వారం తెరచినవానికి నమస్కరించవలసిందే. అయితే ద్వారం తెరచినవాని ఇష్టాన్ని బట్టి మూసుకుపోయే విద్యకు విద్య అని పేరు పెట్టరాదు, అది ఆశ్రయం. భారతదేశంలో కవులు, గాయకులు, మల్లులు, శిల్పులు ఎందరో ప్రభువుల నీడన వర్ధిల్లి ఆ నీడతోనే అంతరించారు. ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన చదరంగపు కథలో ఇద్దరు జాగీర్దారులు ఆట మైకంలో రాజ్యాన్నే మరచిపోతారు. భారతీయ పాఠకులకు చదరంగమంటే ఆ కథే గుర్తు. ఆట అంటే సోమరితనానికి గుర్తు. జాగీర్దారు పక్కన ఉండి, ఆడి, గెలిచి, గెలుపు తనది కాకుండ పోయినవాని కథ మాత్రం ఏ భాషలోను ఆ స్థాయిలో వెలువడలేదు.

పరదేశంలో మిగిలిపోయినవారి చరిత్రతో పోల్చిచూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 1939లో బ్యూనస్ ఐర్స్‌లో ఒలింపియాడ్ జరుగుతుండగా ఐరోపాలో యుద్ధం మొదలైనది. పోలండు నుంచి వచ్చిన యూదు యువకుడు నజ్డోర్ఫ్ ఇల్లు చేరలేకపోయాడు. 1943లో నలభై మందితో, 1947లో నలభై అయిదు మందితో బల్ల చూడకుండ ఏకకాలంలో ఆడాడు. ఆ వార్త పత్రికలకెక్కి, పోలండులో తనవారిలో ఎవరైనా బ్రతికి ఉంటే వారి కంట పడుతుందేమోనని అతని ఆశ. ఎవరూ మిగలలేదు. అతని దుఃఖం సుల్తాన్ ఖాన్ దుఃఖంకంటె వెయ్యిరెట్లు పెద్దది. కాని అర్జెంటీనా అతన్ని తనవానిగా చేసుకున్నది. అతని ఆటలు అతని పేరుతో నిలిచినవి. జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకొని 1938లో ఇంగ్లండు చేరిన వృద్ధుడు మీసెస్ ఆ దేశపు పౌరుడై, బ్రిటన్‌కు మొదటి గ్రాండ్ మాస్టర్ అనిపించుకున్నాడు. పరదేశి తమవాడు కాగలడని ఇంగ్లండుకు తెలియదనడానికి వీలులేదు.

1950లో అంతర్జాతీయ సమాఖ్య గ్రాండ్ మాస్టర్ బిరుదును మొదటిసారి ప్రసాదించింది. పొందినవారు 27 మంది. ఆ పట్టికను చేతబట్టుకొని చదివితే తల దించుకోవలసి వస్తుంది. అందులో టార్టకోవర్ ఉన్నాడు. సుల్తాన్ ఖాన్ చేతిలో పందెం ఓడినవాడు. ఫ్లోర్, రూబిన్‌స్టైన్ ఉన్నారు. ప్రేగ్‌లో అతని చేతిలో ఓడినవారు. విందుకథ చెప్పిన ఫైన్ ఉన్నాడు. సుల్తాన్ ఖాన్ లేడు. అప్పటికి అతడు సజీవుడు; ఆ తరువాత మరి పదహారేళ్ళు బ్రతికాడు.

ఆట మానినవానికి బిరుదెందుకని అనవచ్చు. అయితే చెక్ దేశీయుడు డురాస్ 1914 తరువాత పెద్ద పోటీలకు కూర్చోలేదు. అతనికి బిరుదు వచ్చింది. మానసిక వ్యాధితో ఏళ్ళ తరబడి ఆటకు దూరమైన రూబిన్‌స్టైన్‌కు వచ్చింది. రావడం న్యాయం, వారి గత విజయాలు దానికి అర్హమైనవి. అదే న్యాయం పంజాబు పల్లెదాకా ప్రయాణం చేయలేకపోయింది. ఏ దేశంవాడని లెక్కించాలన్న చిక్కు వచ్చిందని అనవచ్చు. పారిస్‌లో నివసిస్తూ పోలండు జట్టుకు ఆడి, తరువాత ఫ్రాన్సుకు ఆడిన టార్టకోవర్ విషయంలో రాని చిక్కు ఇతని విషయంలోనే ఎందుకు వచ్చింది? అతడు పుట్టినది భారతదేశంలో, ఆడినది ఇంగ్లండుకు, విభజన తరువాత బ్రతికినది పాకిస్తాన్‌లో. ముగ్గురు చుట్టాలున్న ముసలివాడు ఏ ఇంటా భోజనం లేక పస్తున్నట్లు, మూడు దేశాలున్నవానికి ఏ దేశమూ లేకపోయింది.

ఈ నేరంలో భారతీయుల భాగం తక్కువది కాదు. 1951లో అఖిల భారత చదరంగ సమాఖ్య ఏర్పడింది. 1961లో మాన్యుయల్ ఆరన్ అంతర్జాతీయ మాస్టర్ అయినప్పుడు దేశం ఆనందించింది. అది తగిన ఆనందమే. ఆ ఆనందంలో, సరిహద్దుకు ఆవల సర్గోధా ప్రాంతంలో ఉన్న వృద్ధుడు గుర్తుకు రాలేదు. 1966 ఏప్రిల్‌లో అతడు కన్నుమూశాడు. 1988లో విశ్వనాథన్ ఆనంద్ గ్రాండ్ మాస్టర్ అయినప్పుడు భారతదేశపు చదరంగ చరిత్ర అప్పుడే మొదలైనట్లు వ్రాసుకున్నారు. చివరకు 2024 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సమాఖ్య సుల్తాన్ ఖాన్‌కు గౌరవ గ్రాండ్ మాస్టర్ బిరుదు ప్రకటించి, పాకిస్తాన్ ప్రధానికి అందజేసింది. మరణించి 58 సంవత్సరాలు కావస్తున్నవానికి బిరుదు! ఇచ్చినందుకు సంతోషించవచ్చు. కాని ఆలస్యానికి ఎవరూ క్షమాపణ చెప్పకుండ ఇచ్చే గౌరవం, ఇచ్చేవారి గౌరవాన్నే పెంచుతుంది.

ఇదంతా గతించిన సామ్రాజ్యపు సంగతి, నేటి ఆటగాళ్ళకు దీనితో పనేమిటని అడిగేవారికి 2010 నాటి ఒక ప్రయాణాన్ని జ్ఞాపకం చేయాలి. ప్రపంచ విజేతగా ఆనంద్ బల్గేరియా రాజధాని సోఫియాలో టోపలోవ్‌తో తలపడవలసి ఉన్నది. ఐస్‌లండ్ అగ్నిపర్వతపు బూడిద ఐరోపా ఆకాశాన్ని కప్పి విమానాలు ఆగిపోయినవి. ఆనంద్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సుమారు నలభై గంటలు రోడ్డుమీద ప్రయాణించి చేరాడు. మూడు రోజుల వాయిదా కోరితే ఒక్క రోజు దొరికింది. టోపలోవ్ సొంత దేశంలో, సొంత జనం మధ్య కూర్చున్నాడు. మొదటి ఆట ఆనంద్ ఓడాడు. చివరి ఆట నల్లపావులతో గెలిచి కిరీటం నిలుపుకున్నాడు. బల్లకు ఎల్లలు లేవన్నవారు ఆ మూడు రోజులకు, ఒక్క రోజుకు ఉన్న దూరాన్ని కొలవాలి. అయినా ఆనంద్‌కు వాయిదా అడిగే హక్కు ఉన్నది. తన ఒప్పందం, తన సహాయకులు, తన పేరు, తన జెండా ఉన్నవి. ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ నివసించాలో తానే నిర్ణయించుకున్నాడు. సుల్తాన్ ఖాన్‌కు లేనిది మేధ కాదు, ఈ హక్కు.

ఈ హక్కు ఆకాశంనుంచి ఊడిపడలేదు. కృష్ణాతీరాన పుట్టిన కోనేరు హంపి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ రాపిడ్ కిరీటాన్ని గెలిచినప్పుడు, ఆమె వెనుక భూస్వామి లేడు. కూతురి చదరంగ శిక్షణకు జీవితం అంకితం చేసిన తండ్రి ఉన్నాడు. ఫాతిమాకు, హంపికి మధ్య తొమ్మిది దశాబ్దాల దూరం ఉన్నది. ఆ దూరాన్ని దాటించినది పరాయివారి ఆశ్చర్యం కాదు. సొంత జట్టు, సొంత సంఘం, సొంత ఇల్లు. అయినా నేటికీ ఎందరో పిల్లలు తల్లిదండ్రుల చిన్న కొలువుల సంపాదనమీద, వీసా కాగితాల దయమీద, పరాయి ఊళ్ళలో చవుక గదులలో ఉండి బిరుదుల కోసం ఆడుతున్నారు. వారిలో గెలిచినవారి ఫొటోలు పత్రికలలో వస్తవి. ఓడి తిరిగి వచ్చినవారిని ఎవరైనా పలకరిస్తున్నారా?

కాబట్టి చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. సుల్తాన్ ఖాన్‌ను గూర్చి వ్రాసేవారు అతని పేరుకు ముందు 'సేవకుడు', 'నిరక్షరాస్యుడు' అన్న విశేషణాలను తగిలించడం మానాలి. అతని ఆటలను ఆటలుగా అచ్చువేసి పిల్లలకు నేర్పాలి. ఫాతిమా పేరును భారత, పాకిస్తాన్ చదరంగ చరిత్రలు రెండూ తమ మొదటి పుటలలో వ్రాసుకోవాలి. పరదేశానికి ఆటగాణ్ణి పంపే ప్రతి సంఘమూ, పిలిచే ప్రతి దేశమూ అతని ప్రతిభను పొగడడానికి ముందు ఒక చిన్న ప్రశ్న వేయాలి: 'నాయనా, నీకేమి కావాలి? ఎప్పుడు వెళ్ళదలచుకున్నావు?' సుల్తాన్ ఖాన్ ఇంగ్లండులో నాలుగున్నర ఏళ్ళ కాలంలో ఎన్నో కఠినమైన ప్రశ్నలకు బల్లమీద సమాధానం చెప్పాడు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం అతన్ని ఎవరూ అడగలేదు.